నడుం నొప్పి: రిపోర్టులో "గుజ్జు అరిగింది" అని వస్తే ఏం చేయాలి?

#1 పాలపిట్ట

నడుం నొప్పి మీద ఇక్కడ చిన్నచిన్న ప్రశ్నలు చాలా ఉన్నాయి, జవాబులన్నీ ఒకచోట లేవు. అందుకే ఈ థ్రెడ్. సొంత అనుభవాల కథలు వేరే థ్రెడ్‌లో పెట్టుకుందాం. ఇక్కడ తెలిసినవాళ్ళు విషయం రాయండి.

ఒక రిపోర్టుతో మొదలుపెడదాం. వయసు 44. నొప్పి 3 వారాలుగా నడుములోనే ఉంది, కాల్లోకి దిగడం లేదు. ఎమ్మారైలో వచ్చిన మాటలు ఇవి: "ఎల్4-5, ఎల్5-ఎస్1 డిస్క్ డెసికేషన్. ఎల్4-5 డిఫ్యూజ్ బల్జ్, ఇండెంటింగ్ ది థీకల్ శాక్. మైల్డ్ ఫొరామినల్ నారోయింగ్."

ఇది చూసి ఒకరు "గుజ్జు అరిగింది, నెల రోజులు మంచం దిగొద్దు" అన్నారు. ఇంకొకరు బెల్టు రాశారు. మూడోవారు "ముదిరితే ఆపరేషనే" అన్నారు. ఇందులో ఏది నిజం?

#2 వెన్నుపూస

ముందు ఆ రిపోర్టు విప్పుదాం.

నడుములో పూసలు ఐదు, ఎల్1 నుంచి ఎల్5 దాకా. వాటి కింద త్రికాస్థి, దాని పైభాగమే ఎస్1. పూసకూ పూసకూ మధ్య డిస్క్ ఉంటుంది: లోపల జెల్లీలాంటి గుజ్జు, చుట్టూ ఉల్లిపొరల్లా పీచు వలయాలు. "డెసికేషన్" అంటే ఆ గుజ్జులో నీటిశాతం తగ్గింది. స్కాన్‌లో తెల్లగా ఉండాల్సిన డిస్క్ నల్లగా కనిపిస్తుంది, అందుకే "బ్లాక్ డిస్క్" అని కూడా రాస్తారు. "డిఫ్యూజ్ బల్జ్" అంటే గాలి తగ్గిన టైరు నేలకు ఆనినచోట వెడల్పయినట్టు డిస్క్ అంచు కాస్త బయటికొచ్చింది. "ఇండెంటింగ్ ది థీకల్ శాక్" అంటే నరాలుండే నీటిసంచికి ఆ అంచు తగిలింది. తగలడం వేరు, నరం నలగడం వేరు. "ఫొరామినల్ నారోయింగ్" అంటే నరం బయటికొచ్చే రంధ్రం ఇరుకైంది, "మైల్డ్" అంటే కొంచెమే. మన దగ్గర రిపోర్టుల్లో ఈ ముక్క లేనిది వెతికినా దొరకదు.

ఏ నొప్పీ లేనివాళ్ళ స్కాన్‌లు ఎలా ఉంటాయి? 2015లో వచ్చిన ఒక సమీక్ష 3,110 మంది నొప్పి లేనివాళ్ళ చిత్రాలను కలిపి లెక్క తీసింది. డిస్క్ అరుగుదల 20 ఏళ్ళవాళ్ళలోనే 37 శాతం, 40 ఏళ్ళకు 68, 80 ఏళ్ళకు 96. బల్జ్ 20 ఏళ్ళకు 30 శాతం, 40కి 50, 80కి 84. అంటే 44 ఏళ్ళ మనిషి రిపోర్టులో బల్జ్ కనిపించడం తల మీద నాలుగు తెల్లవెంట్రుకలు కనిపించడం లాంటిదే. నొప్పికి అదే కారణమని ఆ కాగితం చెప్పడం లేదు, చదివినవాళ్ళు చెబుతున్నారు.

పట్టించుకోవాల్సిన మాటలు వేరే ఉన్నాయి: "ఎక్స్‌ట్రూజన్" (గుజ్జు చీల్చుకొని బయటికి రావడం), "సీక్వెస్ట్రేషన్" (ఆ ముక్క తెగి విడిపోవడం), "నర్వ్ రూట్ కంప్రెషన్" (నరం మొదలు నలగడం), "సివియర్ కెనాల్ స్టెనోసిస్" (నరాల దారి బాగా ఇరుకవడం), "మారో ఎడీమా" (ఎముక మజ్జలో వాపు), "కలెక్షన్" (చీములాంటిది చేరడం). అవి కూడా మనిషి లక్షణాలతో కలిస్తేనే.

#3 పిక్కబలం

వెన్నుపూస గారు రిపోర్టు చెప్పారు, నేను మనిషిని చెబుతా.

నడుం నొప్పితో వచ్చిన ప్రతి ఒక్కరినీ మూడు బుట్టల్లో ఏదో ఒకదాంట్లో వేయాలి. మొదటిది మామూలు నడుం నొప్పి: కండరం, కీలు, డిస్క్ అంచు, ఏదో ఒకటి, ఫలానాదని తేల్చలేం. నూటికి 85కు పైగా ఇందులోనే పడతారు. ఎక్కువమందికి నాలుగు నుంచి ఆరు వారాల్లో బాగా తగ్గుతుంది. రెండోది నరానిది, జనం సయాటికా అనేది. మూడోది ప్రమాదం: ఎముక విరగడం, క్షయ, చీము, క్యాన్సర్, తోకనరాల గుత్తి నలగడం. ఇది చాలా తక్కువమందిలో ఉంటుంది, కానీ వదిలేస్తే కాళ్ళు పోతాయి.

#1లో చెప్పిన మనిషి మొదటి బుట్ట. స్కాన్ అవసరమే లేదు. తీయించారు కాబట్టి ఇప్పుడు ఆ కాగితాన్ని బీరువాలో పెట్టండి.

రెండో బుట్ట తెలుసుకోవడానికి ఒక గుర్తు: నరం నొప్పి నడుములో కన్నా కాల్లో ఎక్కువ ఉంటుంది, మోకాలు దాటి కిందికి దిగుతుంది, దగ్గినా తుమ్మినా జివ్వుమని లాగుతుంది. పిరుదు దాకానో తొడ వెనక దాకానో వచ్చి ఆగే మొద్దు నొప్పి చాలాసార్లు సయాటికా కాదు.

#4 గుండ్లచెరువు

> స్కాన్ అవసరమే లేదు

ఇది అంత తేలిగ్గా అనకండి అన్నా. మన దగ్గర వెన్నుపూస క్షయ ఉంది. రెండు నెలలు నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చి, పూస కుంగి గూని బయటపడ్డాక ఆసుపత్రికి వచ్చే కేసులు పెద్దాసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు అందరూ చూస్తారు. విదేశీ మార్గదర్శకాలు చదివి "ఆరు వారాలు ఆగండి" అంటే ఇక్కడ కొందరికి నష్టం.

#5 పిక్కబలం

ఒప్పుకుంటా. "అందరికీ స్కాన్ వద్దు" అన్నానే గానీ "ఎవరికీ వద్దు" అనలేదు. ఎవరికి వెంటనే కావాలో మీరే రాయండి, మీకు బాగా తెలుసు.

#6 గుండ్లచెరువు

సరే, రాస్తా.

అదే రోజు, అర్ధరాత్రైనా సరే పెద్దాసుపత్రికి వెళ్ళాల్సినవి: సైకిల్ సీటు తగిలే భాగమంతా తిమ్మిరెక్కడం, మూత్రం వస్తున్నట్టుండి రాకపోవడం లేదా తెలియకుండా కారిపోవడం, మలం ఆపుకోలేకపోవడం, రెండు కాళ్ళూ ఒకేసారి లాగడం లేదా పట్టు తప్పడం. ఇది కాడా ఈక్వైనా, అంటే తోకనరాల గుత్తి నలగడం. 48 గంటల్లోపు ఆపరేషన్ జరిగితే కోలుకునే అవకాశం మెరుగు. "పొద్దున చూద్దాం" అనుకుంటే మూత్రం గొట్టం జీవితాంతం ఉండిపోవచ్చు. కడుక్కునేటప్పుడు నీళ్ళు తగిలిన స్పర్శ తెలుస్తోందా అని అడగండి. సిగ్గుపడి చెప్పని విషయం అదే.

ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవాల్సినవి: సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, తిండి తగ్గి బరువు పడిపోవడం, పడుకున్నా తగ్గని నొప్పి, ఒకే పూస మీద వేలితో తడితే గుచ్చినట్టు ఉండడం. క్షయ అనుమానించాల్సిన లక్షణాలివి. తొలి వారాల్లో మామూలు ఎక్స్‌రే శుభ్రంగా కనిపిస్తుంది, పూస బాగా తినేశాక గానీ అందులో తేలదు. ఎక్స్‌రే బాగుందని ఊరుకోకూడదు. ఎమ్మారై తీసి, వీలైతే సూదితో ముక్క తీసి సీబీనాట్ (క్షయ క్రిమిని పట్టే) పరీక్షకు పంపాలి. మందులు ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం. వెన్నుకు సాధారణంగా ఏడాది వాడాలి, ఊపిరితిత్తుల క్షయలా ఆరు నెలలకు ఆపేయకూడదు.

గొర్రెలు, మేకలు, పశువులతో పనిచేసేవాళ్ళు, పచ్చిపాలు తాగేవాళ్ళు జ్వరంతో పాటు నడుం నొప్పి అంటే బ్రూసెల్లా (పశువుల నుంచి సోకే జబ్బు) కూడా అడగాలి. రక్తపరీక్ష అడక్కపోతే ఎవరూ చేయరు.

ఇంకా: పెద్ద దెబ్బ, తాడిచెట్టు మీద నుంచి పడడం, క్యాన్సర్ చరిత్ర, నెలల తరబడి స్టెరాయిడ్ వాడకం. బహిష్టు ఆగిన స్త్రీలకు చిన్న కుదుపుకే నడుం పట్టేస్తే పూస నలిగిందేమో చూడాలి. వాళ్ళకు ఒక్క ఎక్స్‌రే సరిపోతుంది మొదట.

#7 నల్గొండరాయి

గుండ్లచెరువు గారి జాబితాకు మన ప్రాంతం ముచ్చట ఒకటి కలపాలె. ఫ్లోరోసిస్.

1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా పల్లెల నుంచి ఎముకల ఫ్లోరోసిస్‌ను వైద్యపత్రికలో రాసిన్రు. తర్వాత నల్గొండ పేరే దానికి గుర్తైపోయింది. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలె, వేరే నీళ్ళు దొరకకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన ప్రమాణం. అంతకు బాగా మించిన నీళ్ళు ఏళ్ళకేళ్ళు తాగితే పూసల చుట్టూ కట్లు (ఎముకలను పట్టి ఉంచే పీచు) సున్నంలా గట్టిపడతయి. నడుం కొయ్యబారుతది, వంగలేరు, మెడ తిప్పలేరు. ఎక్స్‌రేలో ఎముకలు సుద్దలా తెల్లగా కనిపిస్తయి. ముంజేతి ఎక్స్‌రే తీస్తే రెండు ఎముకల నడుమ పొర కూడా గట్టిపడి కనిపిస్తది, అది దీనికి మంచి సాక్ష్యం.

దీన్ని యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను కీళ్ళు వాచి బిగుసుకుపోయే జబ్బు) అనుకొని ఖరీదైన ఇంజెక్షన్ మొదలుపెట్టే ప్రమాదం ఉంది. బోరునీళ్ళ ఊరి మనిషైతే "చిన్నప్పటి నుంచి ఏ నీళ్ళు తాగినవ్" అని అడగకుండ ఆ మాట అనొద్దు. పండ్ల మీద గార మచ్చలు చూడున్రి.

#8 పాలపిట్ట

బాగుంది. ఇప్పుడు సయాటికా. ఏ నరమో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి? చాలా రిపోర్టుల్లో "ఎల్5 రూట్", "ఎస్1 రూట్" అని ఉంటుంది, మనిషితో ఎలా పోల్చుకోవాలి?

#9 పిక్కబలం

వెల్లకిలా పడుకోబెట్టండి. దిండు వద్దు. మోకాలు వంచకుండా, మడమ కింద చెయ్యి పెట్టి ఒక కాలు మెల్లగా లేపండి. 30 నుంచి 70 డిగ్రీల మధ్య మోకాలి కిందికి కరెంటు కొట్టినట్టు దిగితే నరం లాగుతోందని అర్థం. తొడ వెనక మాత్రమే బిగుసుకుంటే అది కండరం, లెక్కలోకి రాదు. ఇక్కడే అందరూ పొరబడతారు. ఖాయం చేసుకోవాలంటే నొప్పి వచ్చిన ఎత్తు నుంచి రెండంగుళాలు దింపి పాదాన్ని మోకాలివైపు వంచండి. మళ్ళీ అదే నొప్పి వస్తే నరమే. బాగున్న కాలు లేపితే బాధున్న కాల్లో లాగిందంటే డిస్క్ బాగానే బయటికొచ్చిందన్నమాట.

తర్వాత బలం. మడమల మీద పది అడుగులు నడిపించండి, బొటనవేలిని పైకెత్తమని మీ వేలితో కిందికి నొక్కండి. తేలిపోతే ఎల్5. ఈ నరానికి తిమ్మిరి పాదం పైభాగాన, బొటనవేలి వైపు. ఎస్1 అయితే తిమ్మిరి చిటికెనవేలి అంచున, అరికాల్లో. పిక్క బలం తగ్గుతుంది. పిక్కను ఒక్కసారి లేపించి చూస్తే తెలియదు, అది మొండి కండరం. గోడకు వేలు ఆనించి ఒంటికాలి మీద పదిసార్లు మునివేళ్ళ మీదికి లేవమనండి. రెండోకాలు పది చేసి ఇది ఆరుకే కుంగిపోతే నరం దెబ్బతింటోంది. ఎల్4 తక్కువగా వస్తుంది, తిమ్మిరి మోకాలి కింద లోపలివైపు, మెట్లు దిగేటప్పుడు మోకాలు మడతపడుతుంది.

సాధారణంగా ఎల్4-5 డిస్క్ ఎల్5 నరాన్ని, ఎల్5-ఎస్1 డిస్క్ ఎస్1 నరాన్ని నొక్కుతాయి. రిపోర్టు "ఎడమ ఎల్4-5" అని, మనిషికి కుడి చిటికెనవేలు తిమ్మిరి అని అంటే ఆ రెంటికీ పొత్తు లేదు. పొత్తు కుదరని డిస్క్‌కి ఆపరేషన్ చేస్తే నొప్పి అలాగే ఉంటుంది.

#10 మాత్రలడబ్బా

మందుల సంగతి నేను రాస్తా, ఎందుకంటే ఎక్కువ హాని జరిగేది ఇక్కడే.

పారాసిటమాల్: ఆస్ట్రేలియాలో 1,652 మందిపై చేసిన పరీక్ష 2014లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చింది. కొత్తగా వచ్చిన నడుం నొప్పి తగ్గడానికి మాత్ర వేసుకున్నవాళ్ళకు 17 రోజులు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకు 16 రోజులు. జ్వరానికి మంచి మందు, నడుముకు పెద్దగా పనికిరాదు.

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ కొంత పనిచేస్తాయి. ఏదో ఒక్కటే, తిన్నాక, తక్కువ మోతాదు, ఐదు నుంచి ఏడు రోజులు. ఐబుప్రోఫెన్ 400 మి.గ్రా. రోజుకు మూడుసార్లు మించొద్దు. జరిగే పొరపాటు ఏమిటంటే, పొద్దున ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది, మధ్యాహ్నం షాపులో ఎసిక్లోఫెనాక్ మాత్ర, రాత్రి పక్కింటివాళ్ళిచ్చిన ఇంకో రంగు మాత్ర. పేర్లు మూడు, పని ఒకటే. కడుపులో పుండు, కిడ్నీ దెబ్బ.

బీపీకి టెల్మిసార్టాన్‌తో పాటు నీళ్ళమాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) కూడా వాడేవాళ్ళు వీటిని డాక్టరును అడక్కుండా ముట్టుకోకండి. ఆ రెండింటికి ఈ మూడోది కలిస్తే కిడ్నీకి రక్తం తగ్గిపోతుంది. ఎండాకాలం చెమటపట్టి నీళ్ళు సరిగా తాగని రోజైతే ఇంకా త్వరగా. గుండెజబ్బు, పాత అల్సర్, రక్తం పలుచబడే మందులు, గర్భం ఉన్నవాళ్ళకూ ఇదే మాట.

థయోకొల్చికోసైడ్: "కండరం వదలడానికి" అని ఎసిక్లోఫెనాక్‌తో కలిపి వస్తుంది. యూరప్‌లో 2013 నుంచి నోటి మాత్ర 7 రోజులకు మించి వద్దన్నారు, గర్భిణులకు అసలే వద్దు. ఇక్కడ నెల చీటీ చూస్తుంటాం.

ప్రీగాబాలిన్: సయాటికా అనగానే 75 మి.గ్రా. రాసేస్తారు. 2017లో జరిగిన పరీక్షలో 8 వారాలు వాడినా ఉత్తుత్తి మాత్రకన్నా మేలు లేదు, తలతిరుగుడు మాత్రం ఎక్కువ. ఇప్పటికే వాడుతుంటే ఠక్కున ఆపకండి, మెల్లగా తగ్గించాలి. బండి నడిపేవాళ్ళు, లారీవాళ్ళు జాగ్రత్త. ట్రమడాల్ వగైరా నల్లమందు జాతివి: అలాంటి మందునే 2023లో ఆస్ట్రేలియాలో కొత్త నొప్పిపై పరీక్షిస్తే ఫలితం శూన్యం.

పొట్లంలో పేరులేని తెల్లమాత్ర ఇచ్చి, వేసుకున్న గంటకే మాయమైందంటే అది దాదాపు స్టెరాయిడే.

#11 మాత్రలడబ్బా

మర్చిపోయా. విటమిన్ డి 60,000 యూనిట్లది వారానికి ఒకటి, సాధారణంగా 8 వారాలు. దాన్ని రోజూ వేసుకొని కాల్షియం పెరిగి ఆసుపత్రిలో చేరే పొరపాటు జరుగుతూనే ఉంది. లోపం ఉంటే ఎముకలకు, తొడల బలానికి మంచిది. మామూలు నడుం పట్టుకు మందు కాదు. బీ12 సూదులూ అంతే.

#12 మూటాముల్లె

బరువు ఎత్తే లెక్క ఎవరూ చెప్పలేదు.

20 లీటర్ల నీళ్ళక్యాన్ అంటే దాదాపు 21 కిలోలు. నిండు గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, డబ్బాతో కలిపి 29-30. బియ్యం బస్తా 25. వెన్నెముకకు దన్నుగా ఉండే వీపు కండరాలు పూస మధ్య నుంచి 5 సెంటీమీటర్ల దూరంలోనే లాగుతాయి. క్యాను ఒంటికి 50 సెంటీమీటర్ల దూరాన ఉంటే ఆ దూరం పదింతలు. కాబట్టి 20 కిలోలకు కండరం 200 కిలోల బలంతో లాగాలి. 25 సెంటీమీటర్లకు దగ్గరగా తెస్తే 100. పై ఒళ్ళు బరువు ఇంకా కలపలేదు. అందుకే "మోకాళ్ళు వంచాలి" కన్నా "ఒంటికి అతికించుకోవాలి" అన్నది ముఖ్యం. మోకాళ్ళు వంచి క్యానును మోకాళ్ళ ముందు దూరంగా పట్టుకుంటే ఏం లాభం?

1999లో జర్మనీలో ఒక మనిషి ఎల్4-5 డిస్క్‌లోనే సెన్సర్ పెట్టి కొలిచారు. నిలబడితే 0.5 మెగాపాస్కల్ (ఒత్తిడి కొలత). 20 కిలోలు నడుం గుండ్రంగా వంచి ఎత్తితే 2.3, మోకాళ్ళు వంచి సరిగ్గా ఎత్తితే 1.7, ఎత్తాక ఒంటికి దగ్గరగా పట్టుకుంటే 1.1, చాచి పట్టుకుంటే 1.8.

#13 వెన్నుపూస

> జర్మనీలో సెన్సర్

మంచి పని చేశారు. ఒక ముక్క కలుపుతా. కూర్చుంటే నిలబడినదానికన్నా డిస్క్ మీద 40 శాతం ఎక్కువ ఒత్తిడి అని ప్రతి పోస్టర్ మీదా కనిపించే బొమ్మ స్వీడన్‌లో నాచెమ్సన్ అనే ఎముకల వైద్యుడి పాత కొలతల నుంచి వచ్చింది. ఈ 1999 కొలతలో మామూలుగా కూర్చుంటే 0.46, అంటే నిలబడినంతే. వెనక్కి జారగిలబడితే 0.3. కూర్చోవడం విషం కాదు. కదలకుండా ఒకే భంగిమలో మూడు గంటలు ఉండడం సమస్య, అది నిలబడినా అంతే.

అదే పరిశోధనలో ఇంకొకటి: రాత్రి పడుకున్న ఏడు గంటల్లో డిస్క్‌లో ఒత్తిడి 0.1 నుంచి 0.24కు పెరిగింది. డిస్క్ రాత్రంతా నీరు పీల్చుకుంటుంది, పొద్దున మనం సెంటీమీటరుకు పైగా పొడవుంటాం. అందుకే లేచిన మొదటి గంట వంగి బిందె ఎత్తడం, కళ్ళాపి చల్లడం, బూట్లకు వంగడం ఎక్కువ పట్టేయిస్తాయి. ఆ గంట వంగే పనులు తప్పించిన దీర్ఘకాలపు రోగులకు నొప్పి తగ్గిందని 1998లోనే పరీక్షించారు. ఖర్చు లేని చికిత్స.

#14 నల్గొండరాయి

నాట్ల కూలీలకు ఈ ముచ్చట చెప్తే నవ్వుతరు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగే ఉంటరు.

#15 మూటాముల్లె

నిజమే, వాళ్ళకు "వంగొద్దు" అనడం అర్థం లేనిది. వంగినంతసేపు నడుం కట్లు (కండరాలు కాదు, కట్లు) సాగుతూ పోతాయి. అరగంటకు ఒకసారైనా నిటారుగా లేచి చేతులు నడుం మీద పెట్టి ఐదుసార్లు వెనక్కి వంగాలి, అరనిమిషం పని. వంగిన నడుముతోనే వెంటనే నారుకట్ట విసరడం, బరువు ఎత్తడం చేయకూడదు; సాగిన కట్లు బిగుసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. గట్టు మీద ఒక్క నిమిషం నిలబడి ఎత్తాలి. గుంటమగ్గం మీద నేసేవాళ్ళకు కూర్చునే పలక ఎత్తు మోకాళ్ళకన్నా కాస్త పైన ఉంటే వీపు కుంగదు, పాత గోనె రెండు మడతలు చాలు. బస్సు, లారీ డ్రైవర్లకు వంగడం కన్నా కుదుపు ఎక్కువ శత్రువు, కాబట్టి సీటు స్ప్రింగు పాడైతే ముందు అదే మార్పించాలి.

#16 పాలపిట్ట

వ్యాయామం ఎవరు రాస్తారు? "స్విమ్మింగ్ చేయండి, యోగా చేయండి" కాకుండా.

#17 పిక్కబలం

మొదటి రెండు రోజులు: వెల్లకిలా పడుకొని పిక్కలు కుర్చీ మీద పెట్టండి, తుంటీ మోకాలూ రెండూ 90 డిగ్రీలు. 15 నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు. మిగతా వేళ ఇంట్లో నడవండి. మంచానికి అంటుకుపోవద్దు. 1986లోనే అమెరికాలో 2 రోజుల విశ్రాంతినీ 7 రోజుల విశ్రాంతినీ పోల్చారు; నొప్పిలో తేడా లేదు, 2 రోజులవాళ్ళు పనికి త్వరగా వెళ్ళారు.

తర్వాత దిశ కనిపెట్టాలి. బోర్లా పడుకొని, అరచేతులు భుజాల పక్కన ఆనించి, తుంటి నేలకే ఉంచి ఛాతీ లేపండి. పదిసార్లు. కాలి నొప్పి పైకి జరిగి నడుములోకి చేరుతుంటే, నడుం కాస్త నొప్పెట్టినా సరే, అది సరైన దిశ: రెండు గంటలకోసారి పది చేయండి. నొప్పి పిరుదు నుంచి పిక్కకు దిగితే ఆపేయండి, మీ దిశ అది కాదు. యూట్యూబ్ చూసి చేసేవాళ్ళు ఈ ఒక్క సంగతి చూసుకోరు, కాల్లోకి దిగుతున్నా "నొప్పి వస్తేనే పని చేస్తోంది" అనుకుంటారు.

నొప్పి సగం తగ్గాక బలం. మూడు చాలు:

ఒకటి, వెల్లకిలా, ఒక మోకాలు వంచి, నడుం వంపు కింద రెండు అరచేతులు పెట్టి, తలా భుజాలూ అంగుళం లేపడం. నడుం చేతుల మీద నలగకూడదు, పూర్తిగా లేచి కూర్చోకూడదు.
రెండు, పక్కకు తిరిగి మోచేయి, మోకాలు మీద ఒంటిని బల్లలా లేపడం. తుంటి కుంగితే ఆరోజుకు అక్కడితో చాలు.
మూడు, చేతులూ మోకాళ్ళ మీద ఉండి కుడిచెయ్యి, ఎడమకాలు చాచడం. నడుం మీద నీళ్ళగ్లాసు పెడితే ఒలకకూడదు.

ప్రతిదీ 10 సెకన్లు పట్టి ఉంచాలి. మొదట 6 సార్లు, కాస్త ఆగి 4, మళ్ళీ 2. కెనడా ఆచార్యుడు మెక్‌గిల్ పద్ధతి ఇది. సెకన్లు పెంచకండి, సార్లు పెంచండి.

అన్నింటికన్నా చవకైనది నడక. 2024లో లాన్సెట్‌లో వచ్చిన 701 మంది పరీక్షలో నొప్పి తగ్గినవాళ్ళలో ఒక గుంపు ఆరు నెలల్లో మెల్లగా వారానికి 5 రోజులు, రోజుకు 30 నిమిషాల నడకకు చేరడం లక్ష్యంగా నడిచింది. మళ్ళీ నొప్పి రావడానికి నడిచినవాళ్ళకు 208 రోజులు, నడవనివాళ్ళకు 112.

#18 కొయ్యగుర్రం

కుర్రవాళ్ళ గురించి ఒక్క పోస్టు. 45 లోపు మొదలై, మూడు నెలలు దాటి, తెల్లవారుజామున నిద్రలేపే నొప్పి, లేచాక అరగంటకు పైగా బిగుతు, నడిస్తే తగ్గి పడుకుంటే పెరగడం, ఒక వారం కుడి పిరుదు, ఒక వారం ఎడమ పిరుదు. ఇది డిస్క్ కాదు, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ వైపు చూడాలి. కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోవడం కూడా అడగండి. నడుం ఎమ్మారై తీయిస్తే "బల్జ్" అని వచ్చి దారి తప్పుతుంది. తీయాల్సింది సాక్రోఇలియాక్ కీళ్ళది, అంటే త్రికాస్థి తుంటి ఎముకతో కలిసేచోటిది. హెచ్ఎల్‌ఏ-బీ27 రక్తపరీక్ష ఒక్కటే పాజిటివ్ అయితే జబ్బు ఉన్నట్టు కాదు. రుమటాలజిస్టు (కీళ్ళవాతం డాక్టరు) దగ్గరికి వెళ్ళండి.

#19 పాలపిట్ట

65 దాటినవాళ్ళు "వంద అడుగులు నడిస్తే కాళ్ళు బరువెక్కుతాయి, కూర్చుంటే పోతుంది" అంటుంటారు. ఇదీ నడుమేనా?

#20 వెన్నుపూస

నడుమే కావచ్చు: స్టెనోసిస్, నరాల దారి ఇరుకవడం. కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గుతుంది. నిలబడి ఊరికే ఆగితే తగ్గదు. నిలబడి ఆగితే చాలు తగ్గిపోతే అది కాళ్ళ రక్తనాళాల జబ్బు, ముఖ్యంగా పొగ, బీడీ, షుగర్ ఉన్నవాళ్ళకు. పాదం మీద నాడి పట్టి చూడాలి. సైకిల్ ఎంతైనా తొక్కగలిగి నడవలేకపోతే అది స్టెనోసిసే. వీళ్ళకు #17లో చెప్పిన వెనక్కి వంగే వ్యాయామం పనికిరాదు, మోకాళ్ళు ఛాతీకి లాక్కోవడం కావాలి. చేతికర్ర కొంచెం పొట్టిగా పెట్టుకుంటే ఒళ్ళు ముందుకు వంగి ఎక్కువ దూరం పోగలరు.

ఆపరేషన్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. మామూలు నడుం నొప్పికి ఆపరేషన్ లేదు. డిస్క్ జారి కాలు లాగుతుంటే: పాదం వాలిపోతూ బలం రోజురోజుకూ తగ్గుతుంటే త్వరగా, #6లోని తోకనరాల లక్షణాలుంటే వెంటనే, కేవలం నొప్పైతే 6 నుంచి 12 వారాలు చూశాక. నెదర్లాండ్స్‌లో 283 మందితో 2007లో వచ్చిన పరీక్షలో ముందే ఆపరేషన్ అయినవాళ్ళకు కాలినొప్పి త్వరగా తగ్గింది, ఏడాదికి రెండు గుంపులూ సమానం. ఆగినవాళ్ళలో 39 శాతం మధ్యలో ఆపరేషన్‌కు వచ్చారు, మిగతావాళ్ళకు అక్కర్లేకపోయింది. అంటే మీరు కొనుక్కునేది ఎక్కువగా సమయాన్ని. కూలి పోతుందని త్వరపడడం తప్పు కాదు, భయంతో త్వరపడడం తప్పు. విచిత్రం ఏమిటంటే పెద్దగా తెగి బయటపడ్డ ముక్కే ఎక్కువగా కరిగిపోతుంది, ఒళ్ళు దాన్ని పరాయిదనుకొని తినేస్తుంది. చిన్న బల్జ్ అలాగే ఉండిపోతుంది.

ఆపరేషన్ అయ్యాక అదే డిస్క్ మళ్ళీ జారడం నూటికి 5 నుంచి 15 మందిలో. ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ సూది (వెన్నులో నరాల సంచి పక్కన ఇచ్చేది) కాలినొప్పికి కొన్ని వారాల ఊరట, నడుం నొప్పికి కాదు.

#21 గుండ్లచెరువు

మిగిలిన చిల్లర ప్రశ్నలకు ఒకే దెబ్బకు జవాబులు, ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నారు.

బెల్టు: ప్రయాణానికో బరువు పనికో రెండు మూడు గంటలు, అదీ రెండు వారాల దాకా. నొప్పి రాకుండా ఆపదు. పరుపు: చెక్కబల్ల వద్దు. 2003లో స్పెయిన్‌లో 313 మందితో చూస్తే గట్టి పరుపు కన్నా మధ్యస్థమైనది మేలైంది. కుంగిపోయిన నులకమంచమైతే నులక బిగించండి. ట్రాక్షన్ (బరువు కట్టి నడుం లాగడం): సొమ్ము దండగ. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళతో నడుం తన్నించుకోవడం, పిల్లలతో తొక్కించుకోవడం: పట్టేసిన కండరానికి కాస్త హాయి అనిపించవచ్చు గానీ, ఎముక పలచబడ్డ పెద్దమనిషికి పూస నలుగుతుంది. కాపడం మంచిదే, 15-20 నిమిషాలు. షుగర్‌తో స్పర్శ తగ్గినవాళ్ళకు వేడినీళ్ళ సంచి కాలుస్తుంది, ముందు ఇంకొకరి చేత్తో చూసుకోవాలి.

#22 పాలపిట్ట

ఆఖరిది. #1లోని మనిషి ఎల్లుండి రాత్రి హైదరాబాద్ నుంచి విశాఖకు బస్సులో వెళ్ళాలి. స్లీపరా, సీటా?

#23 మూటాముల్లె

స్లీపర్, కింది బెర్తు, బస్సు మధ్యలోది. వెనక చక్రం మీదిదీ, ఆఖరి వరసా వద్దు, స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఎగరేస్తుంది. పక్కకు తిరిగి మోకాళ్ళ మధ్య దుప్పటి మడత. సీటే దొరికితే తువ్వాలు చుట్టి బొడ్డుకు సరిగ్గా వెనక, మొలతాడు ఎత్తున పెట్టుకోవాలి, ఇంకా పైకి పోతే వీపు తోస్తుంది. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి ఐదు నిమిషాలు నడవాలి. సూట్‌కేసు డిక్కీలోంచి తనే వంగి లాక్కోకుండా క్లీనర్‌ని అడగమనండి.